యక్షిణి పుస్తకం మీద పెన్సిల్ రాతలు

మహారాజశ్రీ భాగ్యక్క సముఖమునకు, స్వర్గంలో హాయిగా ఉన్న నిన్ను కదిలించి ఈ సోది చదివిస్తున్నందుకు నీ తమ్ముడు నూటొక్క సాష్టాంగాలతో క్షమాపణ కోరుకుంటున్నాడు. మనసులో మాత్రం కోరుకోవడం లేదు.

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు రాసిపెట్టిన నవల మొదటి భాగం, అదే, ధర్మవరం జంక్షన్లో పగలు టికెట్లిచ్చి సాయంత్రం మగ్గం నేసే యక్షిణి కథ, అచ్చేయించినాను. హిందూపురంలో ఎస్టీడీ బూత్ పక్కనున్న అద్దెపుస్తకాల అంగట్లో ఒకటి పెట్టినాను. చదివినోళ్లు చివరి అట్ట లోపల పెన్సిల్‌తో తీర్పు రాసిపోతారు కదా, ఈ పొద్దు పోయి చూసినాను.

"యక్షిణి అచ్చం మా చిన్నమ్మ మాదిరే తిడతాది. శానా బాగుండాది" అని ఒకరు.

"ఏమప్పా, పెనుకొండలో అంత కోట పెట్టుకొని యక్షిణిని రైల్వేస్టేషన్లో పెడతారా?" అని ఇంకొకరు. పెనుకొండాయనే అయ్యుంటాడు.

"నిద్ర బాగా పట్టింది" అని మూడో మహానుభావుడు.

వాటి కింద నాయన చేతిరాత! నువ్వు రాస్తాంటే "పనికిమాలిన రాతలు" అని మగ్గం మీంచి తలెత్తని మనిషి, నన్నడిగితే ఇంట్లోనే ఇచ్చే పుస్తకం కోసం, ధర్మవరంలో రైలెక్కి వచ్చి అద్దెకు తీసుకొని చదివినాడక్కా.

"యక్షిణైనా తొక్కుడుచెక్క తొక్కి, పడుగు దారాలు రెండుగా తెరుచుకున్నాకనే నడుమ పేక నాడె విసరల్ల. రెండో భాగంలో సరిచేయమ్మా."

రెండో భాగం నువ్వు ఒక్క పేజీ కూడా రాయలేదు. చివర్లో "రెండో భాగం త్వరలో" అని వేయించింది నేనే.