‘క’ మింగిన పెట్టె

ఒకటో తారీఖు

ఇంటర్నెట్ కంపెనీ వారికి,

అయ్యా, నమస్కారం. నేను మా ఇంటి ముందుగదిలో కూర్చుని కుట్టుపని నేర్పుతాను. పదకొండుమంది ఆడవాళ్ళు ఎవరిళ్ళలో వాళ్ళు మిషను ముందు కూర్చుని, నన్ను కంప్యూటర్లో చూస్తూ నేర్చుకుంటారు. ముప్ఫై ఏళ్ళు కార్ఖానాలో చొక్కా కాలర్లు కుట్టాను. ఆ పనితనం నాతోనే పోకూడదని ఈ క్లాసు మొదలుపెట్టాను.

దీనికి మీరిచ్చిన రౌటర్ అడ్డం పడుతోంది. పచ్చదీపం ఉన్నట్టుండి ఎర్రబడుతుంది. నేనేమో నోరు తెరిచిన బొమ్మలా ఆగిపోతానట. మొన్న మంగళవారం చొక్కా చేతుల పాఠం. “కుట్టుకి గుడ్డ వదల్లేదు, ఇంకా కత్తిరించకండి” అన్నాను. మీ పెట్టె నడిమధ్య ‘క’ ఒక్కటి మింగేసింది. వాళ్ళకి “కత్తిరించండి” అని వినపడింది. చెప్పిన మాట జవదాటని పిల్లలాయె! పదకొండు కత్తెరలు ఒక్కసారి కరకరమన్నాయి. ఇరవై రెండు చేతులు పాడయ్యాయి.

మీ నంబరుకి ఫోను చేశాను. ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, చివరికి ఇంటర్నెట్ రావడం లేదన్న ఫిర్యాదు ఇంటర్నెట్‌లో పెట్టమన్నారు. పెట్టె అడుగున ఈ చిరునామా కనిపిస్తే రాస్తున్నాను. దయచేసి పెట్టె మార్చండి.

ఇట్లు,
కుట్టు టీచరు

తా.క. మా ఆయన బస్సు నడిపి రిటైరయ్యారు. పెట్టె ఆగినప్పుడల్లా దాని నెత్తిన రెండు దెబ్బలు వేస్తారు. వెంటనే నడుస్తుంది. ఇది మీ పుస్తకంలో ఉందా, ఆయన సొంతంగా కనిపెట్టిందా?

* * *

నాలుగో తారీఖు

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

మీ ఉత్తరం అందినది. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాము. అయితే మీరు రాసిన చిరునామా ‘పాత పరికరాల స్వీకరణ విభాగం’ వారిది. వాడిన పెట్టెలను తిరిగి పుచ్చుకుని రసీదు ఇచ్చుట మాత్రమే మా పని. మీరు పాత పెట్టెను పంపినచో, అందిన రోజే రసీదు పంపగలమని మనవి.

ఉత్తరం చేతిరాతలో ఉన్నందుకు మన్నించగలరు. మా గదికి ఇంటర్నెట్ కనెక్షను లేదు.

ఇట్లు,
గుమాస్తా, పాత పరికరాల స్వీకరణ విభాగం

తా.క. నెత్తిన కొట్టుట పుస్తకంలో లేదు. ఇక్కడున్న ఒక పెట్టె మీద నేనే ప్రయత్నించి చూశాను. నడిచింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. ‘క’ ఉన్నది, గమనించగలరు.

* * *

ఏడో తారీఖు

గుమాస్తా గారికి,

ఏ గదిలో ఉన్నా కంపెనీ మనిషే కదా, మీకు నా బాధ అర్థమైంది, అంతే చాలు. పెట్టెని ఇవాళే పార్శిల్లో పంపుతున్నాను. దారిలో దెబ్బ తగలకుండా దూది పెట్టి సంచి కుట్టాను. దెబ్బలకి అలవాటుపడ్డదే అనుకోండి.

రెండేళ్ళుగా నా ప్రాణం తోడేసింది. ఇక దీనితో నాకు శాశ్వతంగా తెగతెంపులు చేసెయ్యండి. మీ రసీదు కోసం, కొత్తదాని కోసం గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
కుట్టు టీచరు

తా.క. కొట్టడానికి ఏమీ లేక మా ఆయన ఇల్లంతా తిరుగుతున్నారు. నిన్న గోడగడియారానికి రెండు వేశారు. అది బాగానే నడుస్తోంది పాపం.

* * *

పదో తారీఖు

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

మీ పెట్టె అందినది. రసీదు జతపరిచాను. మీ కోరిక ప్రకారం తెగతెంపుల ఫారం నింపి, మీ కనెక్షను నిన్నటితో శాశ్వతంగా రద్దు చేయించాను. రద్దుకి మామూలుగా ఇరవై రోజులు పడుతుంది. మీ ఆవేదన చూసి నేనే స్వయంగా పై అంతస్తుకి వెళ్ళి ఒక్క పూటలో పూర్తి చేయించానని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. ఇన్నాళ్ళు మాతో ఉన్నందుకు ధన్యవాదాలు.

ఇట్లు,
గుమాస్తా

తా.క. సంచి తిరిగి పంపుటకు ఫారం లేదు. ప్రస్తుతం మా పెద్ద గుమాస్తా గారు అందులో తన కళ్ళజోడు పెట్టుకుంటున్నారు. కుట్టు అమోఘమని అందరి అభిప్రాయం.

* * *

పన్నెండో తారీఖు

గుమాస్తా గారికి,

బాబూ, నేను తెగతెంపులన్నది పెట్టెతో. మీతో కాదు! పన్ను నొప్పంటే తల తీసేసినట్టుంది మీ సాయం. అదీ ఒక్క పూటలో!

ఇది నవ్వులాట కాదు, వినండి. ఇరవై ఎనిమిదో తారీఖున, నేను పనిచేసిన కార్ఖానా సూపర్వైజరమ్మ నా క్లాసు చూస్తానంది. ఆసుపత్రి నర్సుల కోట్లు కుట్టడానికి వాళ్ళకి మనుషులు కావాలి. నా పదకొండుమందీ కాలర్ కుట్టి చూపిస్తే, నచ్చినవాళ్ళని తీసుకుంటుంది. వీళ్ళలో ఒకావిడ ఆరునెలల్నుంచి ఒడిలో పాపని పెట్టుకుని నేర్చుకుంటోంది. ఇంకొకావిడ భర్త “ఆ డబ్బాలో చూసి కుట్టొస్తుందా?” అని రోజూ ఎగతాళి చేస్తాడట. వీళ్ళకి నేనేం చెప్పను?

పెట్టె పంపిన ఈ ఐదురోజులుగా ఒక్కొక్కరికీ ఫోను చేసి, కనపడకుండానే కాలర్ నేర్పుతున్నాను. “మూల తిప్పు, ఇంకాస్త తిప్పు, చాలు” అని అరుస్తుంటే, వీధిలో వాళ్ళు నేను ఇంట్లో బీరువా జరిపిస్తున్నాననుకుంటున్నారు.

ఇట్లు,
కోపంగా ఉన్నా నమస్కారంతో,
కుట్టు టీచరు

తా.క. మీ చేత్తో రద్దయింది, మీ చేత్తోనే తిరిగి రావాలి. ఒక్క పూటలో అయితే మరీ సంతోషం.

* * *

పదిహేనో తారీఖు

టీచరు గారికి,

గౌరవనీయులైన అని రాయడానికి మొహం చెల్లక ఇలా మొదలుపెడుతున్నాను. తప్పు నాదే. ‘తెగతెంపులు’ అని చదివి, ఆ గడిలో టిక్కు పెట్టింది ఈ చెయ్యే. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను సొంత తెలివితో చేసిన పని అదొక్కటి.

మీ ఉత్తరం అందగానే మూడో అంతస్తుకి వెళ్ళాను. “రద్దు చేశాక మళ్ళీ కావాలంటే ఆవిడ కొత్త కస్టమరు. నలభై రోజులు ఆగాలి” అన్నారు. “ఆవిడ రద్దు చెయ్యమనలేదండీ, నేనే చేశాను” అన్నాను. “ఎవరన్నారు మిమ్మల్ని చెయ్యమని?” అన్నారు. నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. సాయంత్రం గది తాళం వేసుకోవాలి గనక సంతకం పెట్టారు. లైను తిరిగి ఇచ్చారు. కొత్త పెట్టె కూడా బయలుదేరిందట. రెండు మూడు రోజుల్లో అందుతుంది.

ఇట్లు,
గుమాస్తా

తా.క. మీ మాటలు చదివి నా చొక్కా కాలర్ అద్దంలో చూసుకున్నాను. ఒక మూల ఉత్తరానికి, ఒక మూల దక్షిణానికి పోతోంది. ఇన్నాళ్ళూ నా మెడే వంకరనుకున్నాను.

* * *

పంతొమ్మిదో తారీఖు

గుమాస్తా గారికి,

కొత్త అట్టపెట్టె వచ్చింది. మా ఆయన, నేను పండులా ఒలిచాం. లోపల మెరిసిపోతూ ఒక రౌటర్. తిప్పి చూస్తే అడుగున నేను గుర్తుకి చాకుతో గీసిన గీత. పక్కన సందులో నీలం దారప్పోగు. ఊరవతల వదిలిన పిల్లి మనకంటే ముందే ఇల్లు చేరినట్టు, నా పాత పెట్టే తుడుచుకుని, తల దువ్వుకుని వచ్చింది!

తగిలించాం. పది నిమిషాలు పచ్చగా వెలిగి ఎర్రబడింది. మా ఆయన మాత్రం చాలా సంతోషించారు. చేతులు ఝాడించుకుని దగ్గరికి వెళ్ళారు.

ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి. మిమ్మల్ని తిట్టాలని కూర్చున్నాను. కానీ ఆ బెంచీ మీద మీరు కూర్చున్న సంగతి గుర్తొచ్చి చెయ్యి రాలేదు.

ఇట్లు,
కుట్టు టీచరు

తా.క. చొక్కా కొలతలు పంపండి. కాలర్ నేను సరిచేస్తాను. దానికి ఫారం అక్కర్లేదు.

* * *

ఇరవై రెండో తారీఖు

టీచరు గారికి,

కనుక్కున్నాను. తిరిగొచ్చిన పెట్టెల్ని వెనక గదిలో తుడిచి కొత్త అట్టల్లో పెడతారట. నేను రసీదు ఇచ్చిందే మళ్ళీ మీకొచ్చింది. మళ్ళీ అడిగితే నలభై రోజులనే అంటున్నారు. బెంచీ కూడా తీసేశారు.

ఇరవై ఐదున ఉదయం నేనే మీ ఇంటికి వస్తాను. ఒక మంచి పెట్టె తెస్తాను. పాతది నాకు ఇచ్చెయ్యండి. రసీదు అడగకండి. ఎక్కడిదని కూడా అడగకండి. రెండు చోట్లా ‘క’ ఉంది.

ఇట్లు,
గుమాస్తా

తా.క. వచ్చేటప్పుడు కాలర్ బాగోలేని చొక్కాయే వేసుకొస్తాను. నాకున్నవన్నీ అలాంటివే.

* * *

ఇరవై తొమ్మిదో తారీఖు

గుమాస్తా గారికి,

మీరు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వచ్చారు. పెట్టె తగిలించి, పచ్చదీపం గంటసేపు కదలకుండా వెలిగేదాకా కుర్చీ అంచునే కూర్చున్నారు. టీ చల్లారిపోయిందని మా ఆయన రెండుసార్లు వేడిచేశారు. మీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మీరు వెళ్ళాక ఆయన పెట్టె ముందు నిలబడి చెయ్యెత్తారు, కాసేపు చూసి దించేశారు. “వీడు బుద్ధిమంతుడే” అన్నారు.

నిన్న పరీక్ష జరిగింది. రెండు గంటలు ఎవరి బొమ్మా ఆగలేదు. పాపని ఒడిలో పెట్టుకునే ఆవిడ కంగారులో కాలర్ తలకిందులుగా కుట్టేసింది. కుట్టి, చూసుకుని, “ఆగండమ్మా, తప్పు కుట్టాను” అని తనే చెప్పింది. అందరం చూస్తుండగా విప్పి మళ్ళీ కుట్టింది. సూపర్వైజరమ్మ మొదట ఆ పిల్లనే తీసుకుంది. “కుట్టేవాళ్ళు బోలెడుమంది, విప్పేవాళ్ళు కావాలి నాకు” అంది. మొత్తం ఏడుగురికి పని దొరికింది. మిగతా నలుగురూ వచ్చే నెల మళ్ళీ చూపిస్తారు. ఎగతాళి చేసే భర్త వాళ్ళింట్లో కంప్యూటర్ ముందు ఇంకో కుర్చీ వేశాడట, మా క్లాసు తనూ కూర్చుని చూడటానికి.

ఇదంతా మీ చలవ.

ఇట్లు,
ఎంతో ఆనందంతో,
కుట్టు టీచరు

తా.క. పెట్టె వెనకాల చిన్న చేప బొమ్మ అంటించి ఉంది. కంపెనీ ఇప్పుడు ఇలా ముద్దుముద్దుగా తయారుచేస్తోందా?

* * *

పద్నాలుగో తారీఖు

టీచరు గారికి,

నమస్కారం. చేతిరాత మారిందని కంగారుపడకండి. నేను గుమాస్తా గారి భార్యని. మీ ఇంట్లో వెలుగుతున్న పెట్టె మాది. ఆ చేప బొమ్మ మా అమ్మాయి అంటించింది.

ఇరవై ఐదున మా ఆయన పొద్దున్నే మా రౌటర్ తీసి సంచిలో వేసుకుని, “సర్వీసింగు చేయిస్తా” అని వెళ్ళారు. సాయంత్రం ఒకటి తెచ్చి అరలో పెట్టారు. ఆనాటి నుంచి మా ఇంట్లో ఎవరి మాటా చివరిదాకా వినపడదు. మా అక్క ఫోన్లో నోరు తెరిచి అలా ఆగిపోతుంది. అడిగితే గాలి అంటారు, గోడలు మందం అంటారు. ఎవరూ లేనప్పుడు దాని నెత్తిన రెండు వేసి వస్తుంటారు.

నాకు ఒళ్ళుమండి, పెట్టె అడుగునున్న చిరునామాకి ఫిర్యాదు రాశాను. అది ఆయన బల్ల అని నాకేం తెలుసు? పద్నాలుగేళ్ళుగా మాకు ‘టెక్నికల్ విభాగం’ అనే చెప్పారు.

నాలుగోనాడు జవాబొచ్చింది. కూరల చీటీ రాసే చెయ్యి నేను గుర్తుపట్టనా? చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎటో చూస్తూ అడిగారు:

“ఇవాళ పోస్టేమైనా వచ్చిందా?”

“కంపెనీవాళ్ళు రాశారు. ఎవరో గానీ చాలా మర్యాదస్తుడు” అన్నాను.

ఆయన చెవులు రెండూ కందిపోయాయి.

మొన్న చొక్కా ఉతకబోతే జేబులో మీ ఉత్తరం దొరికింది. అప్పుడు కథంతా తెలిసింది. కోపం రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ ఏడుగురి సంగతి చదివాక ఎంత వెతికినా అది మళ్ళీ కనపడలేదు. నాతో ఒక్క మాట చెబితే నేనే తీసి ఇచ్చేదాన్ని కదా, మహానుభావుడు!

ఆ పెట్టె మీ దగ్గరే ఉంచుకోండి. ఈ ఉత్తరం సంగతి మాత్రం ఆయనకి రాయకండి. పదహారేళ్ళ కాపురంలో “ఇదిగో”, “ఏమోయ్” తప్ప నన్ను ఇంకోలా పిలిచి ఎరుగరు. అలాంటి మనిషి ఇప్పుడు “గౌరవనీయులైన” అన్నారు. నా ఇబ్బందికి “చింతిస్తున్నాము” అన్నారు. అదీ బహువచనంలో! అందుకని నాలుగురోజుల కిందట రెండో ఫిర్యాదు కూడా పోస్టు చేశాను. రౌటర్ గురించి రెండు వాక్యాలు రాసి, తర్వాత మా వంటింటి కుళాయి ఆరునెలలుగా కారుతోందని, ఇంట్లో చెబితే వినే నాథుడు లేడని పేజీ నిండా రాశాను.

ఇట్లు,
గౌరవనీయులైన వినియోగదారు

తా.క. ఈ ఉత్తరం అంటించబోతుంటే ఆయన వచ్చారు. నేరుగా వంటింట్లోకి వెళ్ళారు. చేతిలో పానా, కుళాయి వాషరు ఉన్నాయి. మూడో ఫిర్యాదులో ఏం రాస్తే బాగుంటుందంటారు?