మొదటి విడిది దాకా

కిలెమా,
జనవరి 9

అమ్మా,

నీ థెక్లా నమస్కారాలు. ఇక్కడ నానమ్మ, నేను, రెండు మేకలు, ఇంటి వెనక కాఫీ చెట్లు అందరం బాగానే ఉన్నాం. టాంగా ఎండలకి నీ తలనొప్పి ఎక్కువ కాలేదని, క్యాంటీన్‌లో పొయ్యి ముందు నిలబడే పని కాస్తయినా తగ్గిందని అనుకుంటున్నాను.

ఈసారి ఉత్తరం పోస్టులో వేయలేదు. మనిషి చేతికిచ్చి పంపాను. తెచ్చిన మనిషిని చూసి నువ్వు ఉలిక్కిపడే ఉంటావు. మంచినీళ్ళివ్వు. కుర్చీ మాత్రం వేయకు. ఇది మొత్తం చదివేదాకా నిలబడనీ. ఎందుకో చివర్లో రాశాను. ముందే చివరికి వెళ్ళకు.

నీ పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. నీలం స్వెట్టరు సరిపోయింది, చేతులు కొంచెం పొడుగు. నానమ్మ మోకాలు వానాకాలం అంతా సతాయించి ఇప్పుడు ఊరుకుంది. పార్కు గేటు దగ్గర ఉద్యోగం బాగుంది. చెమ్మకి పాడైపోతున్న పాత విడిది రిజిస్టర్లని కొత్త పుస్తకాల్లోకి చూసి రాయాలి. రోజంతా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. సిస్టర్ల బడిలో వేళ్ళ మీద స్కేలు దెబ్బలు తిని నేర్చుకున్న గుండ్రటి చేతిరాతకి ఇన్నాళ్ళకి జీతం వస్తోంది.

ఇక నాలుగో ప్రశ్న. "మీ పెదనాన్న ఎదురైతే పక్కదారి పట్టేదానివి. ఆయనతో కలిసి కొండమీదికి షికారేమిటే?" అన్నావు. దీనికి మాత్రం నింపాదిగా చెప్పాలి.

క్రిస్మస్‌కి దార్ పట్నం నుంచి ఫాబియోలా అక్క, బావ, పిల్లలిద్దరూ పెదనాన్న ఇంటికి వచ్చారు. పండగ భోజనాల దగ్గర నేనే మొదలుపెట్టాను. "కిబో శిఖరం నీడలో పుట్టాం. ఎక్కడెక్కడి దొరలో వచ్చి ఎక్కి వెళ్తున్నారు. మనం గేటు కూడా దాటలేదు. మొదటి విడిది దాకా వెళ్ళొద్దామా? పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం" అన్నాను.

పెద్దమ్మ గరిటె గాల్లో ఆగిపోయింది. "అయ్యో, ఇది మాట్లాడుతుంది!"

"కొండంటే బోలెడు డబ్బు కదే?" అంది ఫాబియోలా అక్క.

నా దగ్గర కాగితం సిద్ధంగా ఉంది. దేశంలోవాళ్ళకి టికెట్టు తక్కువ, పిల్లలకి అందులో సగం. అరటిగెలల లారీ పొద్దున్నే ఖాళీగా గేటు వైపు వెళ్తుంది, డ్రైవరు నానమ్మకి చుట్టం. తిండి ఇంటి నుంచే. దొరలు పోర్టర్లకి వదిలేసి వెళ్ళిన స్వెట్టర్లు మన ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. మిగిలింది గైడు. గైడు లేనిదే లోపలికి వదలరు, బయటి గైడు కూలి మా టికెట్లన్నిటికంటే ఎక్కువ. అప్పుడు ఎనిమిదేళ్ళలో మొదటిసారి పెదనాన్న మొహంలోకి సూటిగా చూశాను.

"నువ్వుంటే ఆ ఖర్చు ఉండదు కదా, పెదనాన్నా."

ఆయన ఛాతీ ఉబ్బింది. "నేనుండగా బయటివాడెందుకే? ముప్పయ్యేళ్ళుగా ఈ కొండ నా జేబులో ఉంది!" తర్వాత అందరివైపూ తిరిగి, "పిల్లకి బుర్ర ఉంది. వాళ్ళ నాన్న పోలిక రాలేదు, నయం" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అమ్మా, అక్టోబరులో ఎనిమిదేళ్ళ కిందటి రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చింది. మొదటి విడిదిది. ఎక్కినవాళ్ళ పేర్లు, దేశాలు, కింద దొరల మెచ్చుకోళ్ళు. నాన్న చనిపోయిన వారం పుట కోసం వెతకలేదు. దాన్నుంచి తప్పించుకుందామనే చూశాను. కానీ వరసగా రాయాలి కదా, వచ్చింది. అప్పటి విడిది కాపరి రాసిన మాటలు ఇవి: "పోర్టరు సెవెరిన్. జ్వరం. దగ్గులో రక్తం. ఇక్కణ్ణుంచే వెనక్కి పంపమని గైడుకి చెప్పాను. ఒప్పుకోలేదు." కింద గైడు సంతకం. 'అలోయిస్' చివర ఆ మెలిక నీకూ తెలుసు, నాకూ తెలుసు.

మనకి పెదనాన్న చెప్పింది వేరు. దొరలిచ్చిన సీసా ఖాళీ చేసి మంచులో పడి నిద్రపోయాడని చెప్పాడు, శవం పక్కనే నిలబడి. నువ్వు నమ్మలేదు. కానీ తాగి చచ్చినవాడి పెళ్ళానివయ్యావు. పాటల బృందం నుంచి తీసేశారు. గుడిలో ముందు బెంచీ నుంచి వెనక బెంచీకి జరిగావు, అక్కణ్ణుంచి టాంగా బస్సెక్కావు.

ఆ పుటని కొత్త పుస్తకంలోకి గుండ్రంగా ఎక్కించాను. షికారు ప్లాను ఆ సాయంత్రమే మొదలైంది. నానమ్మకి చదువు రాదు. నేను చదివితే పెదనాన్న అబద్ధమంటాడు. ఆయన నోటితోనే చదివించాలి, అందరి ముందూ. లేచి వెళ్ళిపోదామంటే గేటు మూడు గంటల దూరంలో ఉండాలి. పైగా తీసుకొచ్చినవాళ్ళని కొండమీద వదిలేసి గైడు దిగకూడదు, అది పార్కు నియమం. ఇంట్లో అయితే వీధిలోకి వెళ్ళిపోతాడు. ఆ ఒక్కచోట మాత్రం మాతో ఉండి తీరాలి.

షికారు రోజు ఎండ బాగా కాసింది. ఫాబియోలా అక్క ఎత్తు మడమల చెప్పులతో వచ్చి, అడవిలో మొదటి మలుపులోనే వాటిని చేత్తో పట్టుకుంది. నానమ్మ మేకలకి గడ్డి మోసే నడకతో అందరికంటే ముందు పోయి, రాయిమీద కూర్చుని, "ఏరా అలోయిసూ, గైడు నువ్వా నేనా?" అని ఎగతాళి చేసింది. ఆయన నవ్వుతూ చెట్ల పేర్లు చెప్పాడు, పిల్లలకి నల్ల తెల్ల కోతుల్ని చూపించాడు. మంచి గైడే అమ్మా. అది కూడా రాయాలి.

విడిది ముందు గడ్డిమీద అరటికాయ, చిక్కుడు గింజలు కలిపి వండిన కిబూరు వడ్డించాం. నేను సంచీలోంచి రిజిస్టరు తీశాను. అడగకుండా తెచ్చాను, సోమవారం పొద్దున్నే దాని చోట దాన్ని పెట్టేశాను.

"పెదనాన్నా, దొరలు నీ గురించి ఏం రాశారో అందరికీ వినిపించు."

కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అలోయిస్ లాంటి గైడు ఇంకొకడు లేడు" అని చదివాడు. "మమ్మల్ని తండ్రిలా చూసుకున్నాడు" అని చదివాడు. ఫాబియోలా అక్క చప్పట్లు కొట్టింది. "బొమ్మ పెట్టిన పుట కూడా" అన్నాను. గుర్తుకోసం సిస్టర్లిచ్చిన పునీత థెక్లా బొమ్మ పెట్టాను. తిప్పాడు. ఆగిపోయాడు.

"ఏరా, ఏమైంది?" అంది నానమ్మ.

"చెమ్మకి అక్షరాలు అలుక్కుపోయాయమ్మా."

"సెవెరిన్ పేరు అలుక్కుపోలేదు" అన్నాను.

నానమ్మ చేతిలో ముద్ద కింద పెట్టింది. "చదవరా."

చదివాడు. నోట్లో రాయి పెట్టుకున్నట్టు ఒక్కొక్క మాటా చదివాడు. "దగ్గులో" అని ఆపి తలెత్తాడు.

"రక్తం" అన్నాను వెనకనుంచి. "రక్తం అని ఉంది, పెదనాన్నా."

అంతా అయ్యాక నానమ్మ, "తాగాడన్నావు కదరా" అంది.

"వాడే బతిమాలాడమ్మా. జ్వరం తగ్గిపోతుందన్నాడు. కూతురికి సిస్టర్ల బడిలో సీటొచ్చింది, ఈ ఒక్కసారి ఎక్కనీ అన్నాడు."

"బతిమాలాడు, సరే. తాగాడని ఎందుకు చెప్పావు?"

ఆయన కళ్ళజోడు తీసి మడిచాడు. "జబ్బు మనిషిని ఎక్కించానని తెలిస్తే నా గైడు బ్యాడ్జీ పోయేది."

నానమ్మ ఆయన ముందున్న పళ్ళెం తీసుకుని, అందులోది తిరిగి కుండలోకి ఒంపేసింది.

సంతోషం వేసిందా అని నువ్వు అడగవు, కానీ చెబుతాను. వేసింది. దిగేటప్పుడు ఇంకా ఎక్కువ వేసింది. గైడు ప్రతి మలుపులో వెనక్కి తిరిగి మనుషుల్ని లెక్కపెట్టుకోవాలి. ఏడుగురం. నేను కావాలనే చివర నడిచాను. లెక్క పూర్తవాలంటే నా మొహం చూడక తప్పదు. చూసిన ప్రతిసారీ నేను కళ్ళు తిప్పుకోలేదు.

ఇప్పుడు, ఇంతసేపూ రాయకుండా దాటేసింది.

ఊరి మొదట్లో, అరటి తోటల కంచె మొదలయ్యేచోట, పెదనాన్న ఆగాడు. కంచెలోంచి ఒక ఇసాలె ఆకు తుంచాడు. రెండు చేతుల్తో పట్టుకుని నా ఎదుట నిలబడ్డాడు. క్షమించమని తల వంచి ఆ ఆకు అందిస్తే తీసుకోని మనిషి మన కొండమీద లేడు. హత్య చేసినవాడు అందించినా తీసుకున్నారు. నేను తీసుకోలేదు. చేతులు నీ స్వెట్టరు లోపలికి లాక్కుని, ఆయన్ని తప్పుకుని ఇంటికి నడిచాను.

నానమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "వాణ్ణి నేనూ క్షమించలేదే. కానీ ఆకు వేరు. నువ్వు తోసేసింది వాణ్ణి కాదు, పెద్దల ఆచారాన్ని" అంది. మన వాకిట్లోకి రావడం ఇరుగుపొరుగు మానేశారు. పాపసంకీర్తనానికి నేను ఇంకా వెళ్ళలేదు. పశ్చాత్తాపం ఉందేమోనని లోపల వెతికాను, దొరకలేదు. లేనిదాన్ని ఉందని ఫాదర్ ముందు ఎలా చెప్పను?

దొరికింది ఇంకొకటి. నా బడి కోసమే నాన్న ఎక్కాడన్న మాట. అది నిజమో, పెదనాన్న ఇంకో అబద్ధమో నాకు తెలియదు. నీకు తెలిసే ఉంటుంది. నిజమైతే, పెదనాన్నని నేను పట్టుకున్న ఈ చేతిరాత నాన్న ప్రాణం పెట్టి కొన్నది. తిరిగి రాసేటప్పుడు నాకు ఆ ఒక్క సంగతి చెప్పు. దాచకు.

పెదనాన్న మళ్ళీ మూడుసార్లు వచ్చాడు, ప్రతిసారీ కొత్త ఆకుతో. నిన్న వచ్చినప్పుడు మాట్లాడాను.

"ఈ ఆకు నాది కాదు. దీన్ని తీసుకోవాల్సినావిడ టాంగాలో పొయ్యి ముందు నిలబడి ఉంది. బస్సెక్కు. నా ఉత్తరం నువ్వే పట్టుకెళ్ళు. ఆవిడ చదివేదాకా నిలబడు."

"అందులో ఏం రాస్తావే?"

"చదివినావిణ్ణి అడుగు."

వెళ్తానన్నాడు. నువ్వు ఆకు తీసుకున్నా, తీసుకోకపోయినా, వచ్చే ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీద నాన్న తాగలేదని అందరి ముందూ చెబుతాడు. నానమ్మ పక్కన నిలబడుతుంది. అది ఆకుతో సంబంధం లేనిది. ఆ పుట నకలు కూడా ఈ కవరులో ఉంది, నా చేతిరాతతో.

ఇప్పుడు తలెత్తి చూడు. ఆయన చొక్కా లోపల ఆకు తడిగుడ్డలో చుట్టి ఉంది. నువ్వు చూడగానే రెండు చేతుల్తో తీస్తాడు. తీసుకోమని నేను చెప్పను, వద్దనీ చెప్పను. నువ్వు తీసుకుంటే నేనూ తలవంచుతాను. కానీ తొందరపడకమ్మా. ఎనిమిదేళ్ళు నువ్వు నిలబడే ఉన్నావు. తిరుగు బస్సు రేపు పొద్దున గానీ లేదని కనుక్కునే ఈ రోజు పంపాను.

ఇట్లు,
నీ స్వెట్టరులో ఇంకా చేతులు దాచుకునే ఉన్న
నీ కూతురు
థెక్లా