వానలో ఆగిన బావ కారు

ఆగస్టు 1984, మంగళవారం రాత్రి, హన్మకొండ

బావ ముఖం తలచుకుంటేనే అసహ్యంగా ఉంది. నొప్పులు మొదలైన అక్కను దవాఖానకు తీసుకురావడానికి పొద్దున జీపు వేసుకొని పరకాల పోయాను. ఆయన మాత్రం బొంబాయి నుంచి తెచ్చుకున్న ఆ రెండు సీట్ల కారులోనే అక్కను ఎక్కించాడు.

"బావా, దీని ఇంజన్ సీట్ల ఎనక ఉన్నది. మూత నిండ సందులే. ఈ వానకు ఆగిపోతది," అన్నాను.

"ఫారిన్ బండిరా ఇది! నోరు మూస్కొని ఎనక రా."

సగం దారిలోనే ఇంజన్‌లోకి నీళ్లు దిగి కారు ఆగిపోయింది. అరుస్తున్న అక్కను వానలోనే ఎత్తుకొని జీపులో పడుకోబెట్టాను. ఆయన మూత ఎత్తి, కండువాతో ఇంజన్ తుడుస్తూ నిలబడ్డాడు.

"బండిని ఇడిసి ఎట్లొస్త? మీరు పోండ్రి," అన్నాడు.

దవాఖాన చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం బావ నూనె మరకల చేతులతో వచ్చి, "నా బిడ్డేది?" అన్నాడు.

అక్క పాపను కొంగు చాటుకు తీసుకుంది.

"నీ బిడ్డ రోడ్డు మీదనే ఉన్నది గద. ఆడికే పో."

నేను లేచి మంచానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన వెళ్లిపోయాడు. కానీ పురుడు తీరాక అక్కను మళ్లీ ఆ ఇంట్లో దింపి రావాల్సింది నేనే...