మూడో గడిలోని తెల్ల దుప్పట్లు

ఈ ఇంటి ఇల్లాలినైన నేను, యాభై మూడేళ్ళు నిండిన దానిని, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నా సొంత చేతిరాతతో, నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాస్తున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. పైగా మావారు ‘ఇప్పుడెందుకే ఇవన్నీ’ అని రెండుసార్లు పెన్ను దాచేశారు. నా మతి స్థిరంగా ఉంది. దాచిన పెన్ను రెండుసార్లూ ఆయన చొక్కా జేబులోనే వెతికి పట్టుకోవడం అందుకు రుజువు. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. దేవుని చిత్తమైతే ఇదే చివరిదీ కాదు.

వచ్చే సోమవారం నా కడుపులోని గడ్డను ఆపరేషన్ చేసి తీస్తారు. నూటికి తొంభైమంది లేచి నడుచుకుంటూ ఇంటికి వెళ్తారని డాక్టరుగారు చెప్పారు. మిగతా పదిమంది ఎక్కడికి వెళ్తారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అది ఆయన విభాగం కాదు. భయం లేదని అనను. కానీ భయం కన్నా కుతూహలం ఒక పిసరు ఎక్కువగా ఉంది. ఇన్నేళ్ళుగా నన్ను చూసుకున్న దేవుడు ఈసారి ఎలా చూసుకుంటాడో తెలుసుకోవాలని ఉంది.

1. ఈ ఇంటిలో నా వాటా, నా తదనంతరం, మావారికి సర్వహక్కులతో చెందవలెను. ఆయన తర్వాత మా అమ్మాయికి. మావారు స్కూలు బస్సు నడుపుతారు. రోజూ తాళం తిప్పేముందు స్టీరింగు మీద చెయ్యి వేసి ఒక్క మాట ప్రార్థన చేసుకుంటారు. అన్నం ముందు మాత్రం నేను ప్రార్థన ముగించకముందే ఆమెన్ అనేస్తారు. దాని మీద నాకు కోపం ఉండేది. ఇప్పుడు ఆ ఆమెన్ కూడా ఆయనకే వదిలేస్తున్నాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు అనవచ్చు. ఇంకొకటి: ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని రాసి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా రాసే ఉంది. ఇకనైనా చదువుకోవలసినదిగా కోరుతున్నాను.

2. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా పెద్దాడపడుచుకు అప్పగిస్తున్నాను. ఆమె హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. నేను కాపురానికి వచ్చిన వారంలోనే ఆమె ‘ఈ పిల్ల అన్నీ రాసిపెట్టుకుంటుంది, రేపు మనల్నీ రాసేస్తుంది, జాగ్రత్త’ అన్నారు. వదినగారూ, మీరు చెప్పినట్టే జరిగింది. రాసేశాను. తప్పులు కనబడితే ఎర్ర సిరాతో దిద్దకండి, కాగితం చెల్లదట.

3. నా రెండు గాజులు, బూడిదరంగు శాలువా మా అమ్మాయికి. శాలువాకు ఒక మూల చిన్న చిల్లు ఉంది. అది తను చంటిబిడ్డగా ఉన్నప్పటి పంటిగుర్తే.

4. కింది అంతస్తులో ఉండే దర్జీకి ఏమీ రాయడం లేదు. ఇది కక్ష కాదు. ఈ కాగితం మీద సాక్షి సంతకం చేసేవారికి ఇందులో ఏమి రాసినా చెల్లదని తెలిసింది, నాకేమో అతని సంతకం కావాలి. అయితే ఒక మాట. పదకొండేళ్ళ కిందట అతను మా పడకగది కర్టెన్లు నాలుగు వేళ్ళు పొట్టిగా కుట్టాడు. అడిగితే ‘కర్టెన్లు కాదమ్మా, మీ కిటికీయే పొడుగు’ అన్నాడు. మండిపడ్డాను కానీ మార్చలేదు. ఆ నాలుగు వేళ్ళ సందులోంచి పొద్దున్నే వెలుగు సరిగ్గా నా దిండు మీద పడుతుంది. ఇన్నేళ్ళుగా నన్ను ప్రార్థనకు లేపుతున్నది అదే. కాబట్టి కర్టెన్లను ఎవరూ మార్చరాదు.

5. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన నా నోటుపుస్తకాలు, మొత్తం ఇరవై మూడు, మా అమ్మాయికి చెందవలెను. ప్రతి పేజీలో మూడు గడులు ఉంటాయి. మొదటి గడిలో దేవుణ్ణి అడిగినవి. రెండో గడిలో అడిగాక వచ్చినవి, తేదీతో సహా. మూడో గడిలో అడక్కుండా వచ్చినవి. మొదట్లో ఈ మూడోది వేలి వెడల్పున సన్నగా గీశాను. అది చాలక, నాలుగో పుస్తకం నుంచి సగం పేజీ దానికే ఇవ్వవలసి వచ్చింది. మావారి బస్సు బ్రేకు రోడ్డు మీద కాకుండా షెడ్డులోనే పోవడం, అమ్మాయికి జ్వరం తగ్గి నిద్రపట్టిన మధ్యాహ్నం పక్కింటి కుక్క ఒక్కసారి కూడా మొరగకపోవడం, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. రెండో గడిలో ఖాళీలు చాలా ఉన్నాయి. వాటిని పూడ్చలేదు. దేవుడు ఇవ్వలేదో, ఇచ్చినది నేను చూడలేదో ఇప్పటికీ తెలియదు.

అమ్మాయి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ‘ప్రార్థన సూదిలోకి రాదమ్మా’ అంటుంది. నిజమే. అందుకే ఈ పుస్తకాలు తనకే ఇస్తున్నాను. నమ్మేవాళ్ళకిస్తే దండం పెట్టి బీరువాలో దాస్తారు. వీటిని పరీక్షించేవాళ్ళు కావాలి. ఏమి పరీక్షించాలో కింది అంశంలో ఉంది.

6. ఇది ఎవరికీ ఇచ్చేది కాదు, నేను ఒప్పుకునేది. తొమ్మిదేళ్ళ కిందట మా అమ్మ ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉండి కన్నుమూసింది. రోజూ సాయంత్రం ఆరింటికి మంచం చుట్టూ చేరి ప్రార్థించేవాళ్ళం. మా చెల్లెలు బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే దుకాణం నడుపుతుంది. ఆ పదకొండింటిలో నాలుగు సాయంత్రాలే వచ్చింది. మిగతా ఏడింటినీ నేను పుస్తకంలో గుర్తు పెట్టుకున్నాను. అమ్మను సమాధి చేసిన మూడో రోజున, బంధువులందరి ముందు ఆ పేజీ తెరిచి వేలు పెట్టి చూపించాను. నువ్వు రాని రోజులివి, అమ్మకు ఎక్కువైన రోజులూ ఇవే, నీ విశ్వాసం చాలకే అమ్మ పోయింది అన్నాను. ఆమె పేజీ వంక చూసి, ‘దేవుడు హాజరుపట్టీ చూసి బాగుచేస్తాడని నాకు తెలీదక్కా’ అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ నా గడప తొక్కలేదు. నేనూ పిలవలేదు.

పోయిన నెల నా పరీక్షల కోసం అదే ఆస్పత్రికి, అదే అంతస్తుకు వెళ్ళాను. వార్డు ఆయా గుర్తుపట్టి, ‘మీ చెల్లెలు బాగుందా అమ్మా? రోజూ తెల్లారకముందే ఉతికిన దుప్పటి తెచ్చి, మీ అమ్మగారి కింద తనే మార్చి, మాసింది మూట కట్టుకుపోయేది. ఇక్కడ మేమిచ్చేది వారానికొకటే కదా’ అంది. ఇంటికి వచ్చి పదహారో పుస్తకం తీశాను. అదే పేజీ. మొదటి గడిలో చెల్లెలు రాని రోజులకు ఏడు ఇంటూ గుర్తులు. మూడో గడిలో పదకొండు రోజులూ నా చేతిరాతతో ఒకే మాట: ‘అమ్మ కింద తెల్ల దుప్పటి, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు, దేవునికి స్తోత్రం.’

దేవుణ్ణి స్తుతించడంలో తప్పు లేదు. ఆ దుప్పట్లు ఆయన పంపినవే. ఎవరి చేత పంపాడని ఒక్కసారి కూడా అడగకపోవడం నా తప్పు. అందుచేత అమ్మాయికి నేను అప్పగించే పని ఇది: మూడో గడిలో ఒక్కొక్క వరుస తీసుకుని, దాని వెనక ఎవరి చెయ్యి ఉందో వీలైనంత వరకు కనుక్కోవాలి. బతికున్నవాళ్ళకు వెళ్ళి చెప్పాలి. ఎవరూ దొరకని వరుసలను అలాగే ఉంచాలి. అవి ఎన్ని మిగులుతాయో నాకు తెలుసుకోవాలని ఉంది. ఒకే ఒక షరతు. ఈ పుస్తకాలతో ఎవరి విశ్వాసాన్నీ కొలవరాదు. కొలిస్తే, పై ఐదో అంశం రద్దయి పుస్తకాలన్నీ పొయ్యిలోకి పోవలెను.

7. మా అమ్మ నల్ల గొడుగు మా చెల్లెలికి చెందవలెను. మగవాళ్ళు పట్టుకునే పెద్ద గొడుగు అది. విరిగిన కమ్మీని అమ్మ దారంతో కట్టింది. చిన్నప్పుడు ఆదివారం వాన పడితే ముగ్గురం దాని కిందే ప్రార్థనకు వెళ్ళేవాళ్ళం. మధ్యలో అమ్మ, కుడివైపు నేను, ఎడమవైపు చెల్లెలు. ఇద్దరికీ చెరొక భుజం తడిసేది. గొడుగును మా మీదికి ముందుకు వంచి పట్టిన అమ్మకు రెండు భుజాలూ తడిసేవని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అమ్మ పోయాక ఆ గొడుగు అడక్కుండా తెచ్చుకున్నాను. చెల్లెలికి నేను ఇవ్వవలసినదానిలో ఇది చాలా చిన్నది. మిగతాది ఆరో అంశంలో ఉంది. నేను లేచి రాకపోతే, అది ఆమెకు చదివి వినిపించాలి.

8. నా సమాధి దగ్గర పాస్టరుగారు ఇరవై నిమిషాలకు మించి మాట్లాడరాదు. ఆయన మంచివారే కానీ ‘చివరిగా ఒక్క మాట’ అన్నాక మూడు మాటలు చెబుతారు. నేను చాలా సహనపరురాలినని మాత్రం చెప్పవద్దు. చెల్లెలు వింటే నవ్వుతుంది.

ఇంతవరకు మంగళవారం రాశాను. గురువారం మధ్యాహ్నం సంతకాలు చేయడానికి దర్జీని, పాస్టరుగారిని రమ్మన్నాను. అదే రోజు ఒకసారి రమ్మని అమ్మాయి చేత చెల్లెలికి కబురు పెట్టాను. జవాబు రాలేదు. మూడు రోజులూ మొదటి గడిలో ఒకటే రాశాను: గురువారం వాన లేకుండా చూడు ప్రభువా, చెల్లెలికి సాకు దొరక్కుండా.

గురువారం పొద్దుటి నుంచి కుండపోతగా వాన. దారి మునిగింది, రేపు వస్తానని పాస్టరుగారు ఫోన్ చేశారు. దర్జీ ఒక్కడే పైకి వచ్చి కూర్చున్నాడు. రెండున్నరకు తలుపు చప్పుడైంది. చెల్లెలు. నిలువునా తడిసి, కాళ్ళు తుడుచుకునే పట్టా మీదే నిలబడింది. ‘ఎండగా ఉంటే రాకపోదును. బట్టలారవు, ఇస్త్రీ చెయ్యడానికి ఏమీ లేవు, అందుకని దుకాణం మూసి వచ్చా’ అంది.

కూర్చోమన్నా కూర్చోలేదు. ఆరో అంశం నేనే చదివి వినిపించాను, దర్జీ ఎదుటే. తప్పు నలుగురి ముందు చేశాను కాబట్టి. దుప్పట్ల సంగతి ఆనాడే ఎందుకు చెప్పలేదని అడిగితే, ‘నువ్వు అడిగావా?’ అంది. మళ్ళీ తనే, ‘అమ్మకి మాసిన దుప్పటంటే పడదు. దానికి కూడా పుస్తకం కావాలా?’ అంది. వాన కోసం నేనేం రాశానో చూపించాను. ‘నా బట్టలన్నీ తడిపి నన్ను నీ ఇంటికి పంపాడా? ఆయనకి ఇంకేం పన్లేదా?’ అని నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది.

సాక్షి ఒకరు తగ్గారని తెలిసి, ‘ఇటివ్వు, నేను పెడతా’ అని పెన్ను తీసుకుంది. సాక్షి దేనికి సాక్ష్యమిస్తారో దర్జీ వివరించబోతే, ‘ఈవిడకి మతి సరిగా ఉందని నేను సంతకం పెట్టాలా? తొమ్మిదేళ్ళుగా నా అనుమానం అదే కదా!’ అంది.

కానీ సాక్షికి రాసినది చెల్లదు. కాబట్టి పై ఏడో అంశాన్ని, చదవడానికి వీలుగా, ఒకే గీతతో కొట్టివేశాను. పక్కన ముగ్గురం సంతకం చేశాం. ఆ గొడుగును నా తదనంతరం కాకుండా, ఈ రోజే, బతికుండగానే, నా చేత్తో ఆమె చేతికి ఇచ్చాను. బయట వాన ఇంకా తగ్గలేదు, ఆమె ఇంటికి వెళ్ళాలి. సోమవారం పొద్దున ఆస్పత్రికి వస్తానంది. దుప్పట్లు తనే తెస్తుందట.

ఈ వాన ఏ గడిలో రాయాలో ఇంకా తేలలేదు. దానికి ఒక వరుస ఖాళీగా ఉంచాను. సోమవారం తర్వాత నేనే రాస్తాను. నేను కాకపోతే మా అమ్మాయి రాస్తుంది.

తేదీ: 2024 జూలై 18, గురువారం, మధ్యాహ్నం మూడున్నర.

రాసి సంతకం చేసినది: ఇంటి ఇల్లాలు, బంధువులందరికీ ‘లెక్కలక్కయ్య’.

మొదటి సాక్షి: కింది అంతస్తు దర్జీ. (కర్టెన్ల కొలత సరైనదేనని మనవి.)

రెండో సాక్షి: చెల్లెలు, ఇస్త్రీ దుకాణం. మతి సరిగానే ఉంది. గొడుగు ముట్టింది.