యాదయ్య మీద పడ్డ మాట

ఎస్తేరు నాన్నా,

బాగున్నారా? మీరు వెళ్లి ఎనిమిది నెలల పదకొండు రోజులైంది. మేమిద్దరం బాగానే ఉన్నాం. ఎస్తేరు వరంగల్ హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది, కాస్త ఒళ్లు చేసింది. ముందు గదికి సున్నం వేయించాను. గ్యాస్ బండ ఇప్పుడు యాభై రెండు రోజులు వస్తోంది. మీరున్నప్పుడు ముప్పై ఎనిమిదే… టీలు తగ్గాయి మరి.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని అడుగుతారేమో. మీకు చెప్పాల్సిన మాట ఒకటి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. నిన్న చెప్పేశాను. అందుకే ఈరోజు కలం పట్టగలిగాను.

ఆ రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది మీ యాదయ్యే. ఎయిర్‌పోర్టు దగ్గర పన్నెండేళ్లు మీ క్యాబ్ వెనకాలే తన క్యాబ్ పెట్టుకున్న మనిషి, మీ బండి పల్టీ కొట్టిన చోటికీ అందరికన్నా ముందు చేరాడు. తిన్నారా వదినా అని అడిగాడు. పక్కన ఎవరున్నారని అడిగాడు. ఆ తర్వాతే, అన్నకు జర దెబ్బ తాకింది, దవాఖానకు తీసుకుపోతున్నాం, మీరు రండి అన్నాడు.

ఆ తీరు ఆయనకు నేర్పింది మీరే కదా. చావు కబురు విని విమానం దిగినవాళ్లను ఎంతమందిని ఊళ్లకు చేర్చారో! "బండ్ల ఎవరన్న ఏడుస్తుంటే అద్దంల సుత చూడొద్దు. ఆళ్ల ఏడుపు ఆళ్లది" అనేవారు. ఇంకోసారి, వెనక సీట్లో కూర్చున్న అబ్బాయి తండ్రి పోయిన సంగతి ఎవరిదో వాట్సాప్ స్టేటస్‌లో చూశాడని మీరు ఇంటికొచ్చి అన్నం తినలేదు. "గిదేం పద్ధతి మార్తా? ముందుగాల తిన్నవా అని అడగాలె, పక్కకు ఎవరున్నరో కనుక్కోవాలె, అప్పుడు చెప్పాలె" అన్నారు.

యాదయ్య ఆ పద్ధతే పాటించాడు. నేనే పాటించలేదు.

ఆయన మాట నేను నమ్మలేదు. ఏదో దాస్తున్నాడనిపించింది. మీ ఫొటో తీసి పంపమన్నాను. వద్దు వదినా అన్నాడు. పంపకపోతే ఇక్కడే చచ్చిపోతానన్నాను. పంపాడు. ఎవరికీ చూపించొద్దని కింద రాశాడు.

మా చెల్లెలు రూతుకు నేను దాన్ని ఎందుకు పంపానో ఇప్పటికీ తెలియదు. చూడవే ఏమైందో అని పంపాను. అది ఏడ్చుకుంటూ స్టేటస్ పెట్టింది. పది నిమిషాలకు తీసేసింది కానీ, ఆ పది నిమిషాల్లోనే అరవై మంది చూశారు. అందులో ఎస్తేరు ఒకతి. క్లాసులో కూర్చుని… చుట్టూ పిల్లలు… పక్కన మనవాళ్లు ఒక్కరూ లేరు.

మీ చొక్కా పైకి తొలగి ఉంది ఆ ఫొటోలో. ఇస్త్రీ లేనిదే గడప దాటని మనిషి మీరు. అరవై మంది మిమ్మల్ని అలా చూశారు.

ఫొటో ఎవరు తీశారని అందరూ అడిగారు. యాదయ్య అన్నారు. అతను అవునన్నాడు, అంతే. వదిన అడిగిందని ఒక్క మాట అనలేదు. రూతు నా మొహం చూసి నోరు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. సమాధుల తోటలో అత్తమ్మ అతన్ని వేలెత్తి చూపి, నా కొడుకును తమాషా చేశావు, వాడి మీద నీ చేతి మట్టి పడొద్దు అంది. అందరూ గుప్పెడు మట్టి వేస్తుంటే యాదయ్య గేటు బయట నిలబడ్డాడు. నాకు కనిపిస్తూనే ఉన్నాడు… అప్పుడైనా నేను నోరు తెరవొచ్చు కదా? ఎందుకు తెరవలేదు?

ఏ రోజు ఏ గంటకు ఏం జరిగిందో రాసుకునే నా పుస్తకం సంగతి మీకు తెలుసు. "దేవుడు సుత నీ పుస్తకం జూసే తీర్పు చెప్తడు" అని నవ్వేవారు. ఆ రోజు పేజీ కూడా రాశాను. రెండు పదికి యాదయ్య ఫోన్. రెండు నలభైకి దవాఖాన. మధ్యలో అరగంట నేనేం చేశానో రాయలేదు.

నిన్న పొద్దున నేను, ఎస్తేరు కూరగాయలకు శంషాబాద్ వెళ్లాం. బస్టాండు దగ్గర యాదయ్య ఎదురయ్యాడు. మంచిగున్నవా బిడ్డా అన్నాడు. ఎస్తేరు ఆగి, "ఇంకో ఫొటో తీస్కుంటవా కాకా? మంచిగ నిలబడాల్నా?" అంది. చుట్టూ జనం. అతను తల దించుకున్నాడు. నా వైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే నేను ఈసారి కూడా తప్పించుకునేదాన్నేమో.

ఇంటికొచ్చే ఆటోలోనే దానికి చెప్పేశాను. ముందు నువ్వు తిన్నావా అని అడగడానికి కూడా ఓపిక లేదు నాకు. మొత్తం చెప్పాను. ఎస్తేరు నా వైపు పూర్తిగా తిరిగింది. తర్వాత, "ఎనిమిది నెలల సంది కాకను తిట్టుకుంటున్న మమ్మీ. నువ్వు చూస్కుంట ఊకున్నవ్" అంది.  యాదయ్యకు ఫోన్ చేసి మాట్లాడదామా అన్నాను. "ఫోన్ల వద్దు, పోదాం పా" అని ఆటోను తొండుపల్లికి తిప్పించింది.

యాదయ్య అప్పటికే ఇల్లు చేరి కారు కడుగుతున్నాడు. భార్య లక్ష్మి బకెట్టుతో నీళ్లందిస్తోంది. "ఏందొదినా గింత ఎండల" అన్నాడు. నిలబడే చెప్పాను, ఇద్దరి ముందూ. ఏదీ వదిలిపెట్టలేదు.

లక్ష్మికి కూడా తెలియదట! చేతిలోని తడిగుడ్డతో ఆయన వీపు మీద చాచి కొట్టింది. "నాకు సుత చెప్పకపోతివి! వాడకట్టంత నిన్ను తిడుతుంటే నేను సుత తిడితిని గదయ్యా!" అని ఏడుస్తూ నవ్వింది. "చెప్తే అందరు వొదినను అడుగుతుండె. అప్పుడు ఆమె ఏ తీరుగుండె, అడిగే తీరుగ ఉండెనా?" అన్నాడాయన. మళ్లీ, "అడిగింది వొదినే అయినా తీసింది నేనే గద. అన్న ఉంటే నన్నే అడుగుతుండె, చెయ్యెట్ల వచ్చింది రా అని" అన్నాడు.

ఇంకో సంగతి లక్ష్మి చెప్పింది. ఫొటో తీసిన వెంటనే యాదయ్య మీ చొక్కా సరిచేసి, తన తువ్వాల కప్పాడట. రక్తమంటిన ఆ తువ్వాలతో ఇంటికొస్తే తనే ఉతికిందట. అది ఫొటోలో ఉండదు కదా… ఎస్తేరు అది విన్నాకే ఏడ్చింది. కాకా, తప్పైంది అంది. ఆయన దాని తల మీద తడిచెయ్యి పెట్టి, "జుట్టంత కరాబైంది, ఇగ మీ అమ్మ నన్ను తిడ్తది" అన్నాడు. ఎన్నాళ్ల తర్వాతో నవ్వాను.

తిరిగొస్తూ రూతు ఇంట్లో ఆగాం. చెప్పేశానని విని అదీ నన్ను పట్టుకుని ఏడ్చింది. రాత్రి మధ్యలో లేవకుండా తెల్లారేదాకా నిద్రపోయాను. ఈ ఎనిమిది నెలల్లో ఇదే మొదటిసారి. పొద్దున లేచి పుస్తకం తీసి ఆ అరగంట కూడా రాశాను.

ఈరోజు ఆరాధన అయ్యాక యాదయ్యను మీ దగ్గరికి తీసుకొచ్చింది ఎస్తేరే. మీకు తెలిసే ఉంటుంది. మట్టి వేయడానికి ఇప్పుడు వీల్లేదు, సిమెంటు చేయించాం. ఆయన జేబురుమాలు తీసి, కారు అద్దం తుడిచినంత శ్రద్ధగా మీ పేరు మీది దుమ్ము తుడిచాడు. మేము దూరంగా నిలబడ్డాం. మీతో ఏం మాట్లాడాడో మేం అడగలేదు.

ఇక అత్తమ్మ మిగిలింది. రేపు పొద్దున తుక్కుగూడ వెళ్తున్నాం. యాదయ్య బండి తీస్తానన్నాడు, వద్దన్నాను. ముందు నేను చెప్పాలి. ఆయన్ని అన్న మాటలన్నీ ఆమె నన్నూ అనాలి. అవన్నీ అయిపోయేదాకా నేను అక్కడినుంచి లేవను. ఆ తర్వాత, పిలవమని ఆమె అన్నాకే ఆయన్ని పిలుస్తాను.

ఇది మీకు మాట ఇస్తున్నాను.

మీ
మార్త