గూట్లో పెట్టిన పండు

ఏమండీ,

మీరు పోయాక ఇది మొదటి మామిడి సీజను. నా కౌన్సెలింగ్ కోర్సు పరీక్ష వచ్చే ఆదివారమే, విజయవాడలో. పట్టుబట్టి చేర్పించింది మీరు కాబట్టి చదువుతున్నాను, అంతే. పొద్దున మన పళ్ళ కొట్టు, మధ్యాహ్నం వంట, ఆ తర్వాత పుస్తకం. రెండు పేజీలకే కళ్ళు మూతలు పడిపోతున్నాయి.

అత్తయ్యగారు రోజూ గడ్డిలో మగ్గేసిన చిన్న రసాలు తిరగేస్తారు కదా. ఈ ఏడాది అందులోంచి మంచి పండొకటి ఏరి గూట్లో పెడుతున్నారు. మీ కోసమే అనుకున్నాను. పోయినవాళ్ళకి కంచం పెట్టే మనుషుల గురించి నా పుస్తకంలో ఒక పాఠమే ఉంది. అందుకే ఏమీ అనకుండా, సాయంత్రం ఆ పండు తీసి మళ్ళీ గడ్డిలో పెట్టేసేదాన్ని.

ఇవాళ మోడల్ పేపర్లో అచ్చం అలాంటి ప్రశ్నే వచ్చింది. తప్పు రాశాను. ముందు ఆ మనిషినే అడగాలట. విసుగొచ్చి పుస్తకం మూసేసి, లేచి వెళ్ళి అడిగాను.

"ఆ పండు ఎవరికండీ అత్తయ్యగారూ?"

"నీకేనే. వాడు పొద్దున్నే ఏరి అక్కడ దాచి, రాత్రి నీకిచ్చేవాడు కదా. నువ్వేమో మళ్ళీ గడ్డిలో పెట్టేస్తున్నావు. తినాలని లేదేమోనని ఊరుకున్నా."

మీరు తెచ్చిచ్చే పండు కొట్లోది అనుకునేదాన్నండీ ఇన్నేళ్ళూ.

గూటి ముందే నిలబడి తిన్నాను. నేను టెంక పారేసేదాకా అత్తయ్యగారు అక్కణ్ణుంచి కదల్లేదు.