కనేలా కుడి కన్ను

శాన్ మెల్కియాదెస్ పురపాలక అధ్యక్షుల వారి సముఖమునకు,
గురువారం, ఉదయం.

అయ్యా,

విషయం: నా కంచరగాడిద కనేలా కుడి కంటిని రేపు శుక్రవారం కోయకుండా ఆపించి, ఆ పశువును నాకు ఇప్పించుట గురించి.

కొండ దారిన కాఫీ బస్తాలు తోలుకొని బతుకు ఎలెయుతేరియో యెస్కాస్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. పోయిన నెల కనేలా ఎడమ కంట నీరు కారసాగినది. కంటి మూల నుండి తెల్లని పొర వచ్చి సగం కన్ను కప్పినది. మన ఊళ్లో దీనిని "కంటిగోరు" అందురనియు, గోరు మొలిస్తే కోయించెదరనియు తమకు తెలియనిది కాదు. కావున పశువైద్యం చేయు నికానోర్ బోలాన్యోస్ దొడ్డికి తోలుకొని పోతిని. జ్ఞానస్నానం నాడు నా కూతురిని ఎత్తుకున్నది ఈయనే, అనగా నాకు కంపాద్రే.

2. దాని పై పెదవికి తాడు ఉచ్చు వేసి, కర్రతో మెలితిప్పి పట్టుకున్నది నేనే. సదరు నికానోర్ కిత్తనార ముల్లుతో ఆ పొరను గుచ్చి, బయటికి లాగి, కత్తితో కోసినాడు. ఆ అరుపును వ్రాయుటకు ఆఫీసు భాషలో మాట లేదు. నెత్తురు నా నోట్లో పడినది. "గట్టిగా పట్టుకోండి కంపాద్రే, తల కదలనీయకండి," అన్నాడు. పట్టుకొంటిని.

3. దొడ్డిదొడ్డికి తిరిగి టీకాలు వేయు డాక్టరమ్మ మర్నాడు చూసి మా ఇద్దరికీ చెప్పినది: పశువు కంటికి రెప్పలు మూడు. పైది, కిందిది, మూలన దాగి ఉండు ఈ మూడోది. కన్ను నొచ్చితే ఇది అడ్డం వచ్చి కాచును, దుమ్ము తుడుచును, తడి కూడా కొంత ఇదే ఇచ్చును. అసలు జబ్బు కింది రెప్పదట. దాని అంచు లోపలికి ముడుచుకొని వెంట్రుకలు గుడ్డును గీరినవట. "రెండు కుట్లు వేస్తే పోయేదయ్యా. కాపలావాణ్ణి చంపుకున్నారు మీరు," అన్నది. తొమ్మిదో రోజు ఆ కన్ను పుండుపడి, పురుగు పట్టి, పగిలిపోయినది.

4. రెండో కన్ను కూడా కోసే దాకా పశువు వైద్యుడి దొడ్డి దాటరాదని, దాటితే గోరు ఊరంతటికీ అంటునని మన ఆచారం. సోమవారం నేను కనేలాను తోలుకొని పోబోతే సదరు నికానోర్ అడ్డం నిలిచి, నరుకుడు కత్తి వెడల్పు వైపుతో నా వీపున నాలుగు వేసినాడు. "ఊళ్లో పశువులన్నిటినీ గుడ్డివి చేస్తారా కంపాద్రే? తల పగలగొడతా చూడండి," అన్నాడు. కంపాద్రేలు "నువ్వు" అనుకొనుట మర్యాద కాదు గనుక, "తమరు శుద్ధ కసాయి వెధవండీ," అని మాత్రమే అంటిని.

5. నేను ఆయనపై చేయి చేసుకొనలేదు. ఇది తమరు ముఖ్యముగా గమనించవలెను.

6. కొండ ఎక్కునపుడు లోయ కుడి పక్కన ఉండును. ఆ అంచున మా ఇద్దరికీ మిగిలినది దాని కుడి కన్నే. అదీ పోతే దానిని తుపాకీతో కాల్చవలసినది నేనే. ఏడేళ్లు నా అరచేతిలో ఉప్పు నాకిన పశువు అయ్యా అది. ఇప్పుడు నన్ను చూస్తే తల తిప్పుకుంటోంది.

కావున రేపు తెల్లవారేలోగా పోలీసును పంపి, ఉన్న ఒక్క కన్నూ నిలబెట్టగలందులకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎలెయుతేరియో యెస్కాస్

తా.క.: ఇప్పుడు సాయంత్రం. ఈ అర్జీ జేబులో పెట్టుకుని మీ ఆఫీసుకు వస్తూ నికానోర్ దొడ్డి దగ్గర ఆగాను. కత్తి నూరుతున్నాడు. "రేపటి దాకా ఎందుకు, వచ్చారుగా, పట్టుకోండి," అని తాడు మెలితిప్పే కర్ర నా చేతికిచ్చాడు. దాంతోనే ముఖం మీద కొట్టాను. పడిపోయాక కూడా కొట్టాను. ఐదో నంబరు కొట్టివేయగలరు.

ఆయన పై రెప్ప చిరిగి వేలాడుతోంది. గుడ్డు బాగానే ఉంది, మూసుకోవడమే రావడం లేదు. మా ఇంటికి మోసుకొచ్చాను. ఈగ వాలినా, గాలి తగిలినా అరుస్తున్నాడు. ఒకసారి అరుపు ఆపి, "కనేలాకీ ఇలాగే ఉందా కంపాద్రే?" అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. మా ఆవిణ్ణి పంపి కనేలాను తోలుకొచ్చుకోమన్నాడు. తోలుకొచ్చింది.

పోలీసును పంపండి, ఎక్కడికీ పోను. కానీ ముందు డాక్టరమ్మను పంపండి. పశువుల డాక్టరు మనుషులకు కుట్లు వేయవచ్చో లేదో నాకు తెలియదు. ఆయన మాత్రం ముందు కనేలాను చూడమంటున్నాడు. దాని కుడి కింది రెప్ప కూడా లోపలికి తిరుగుతోందట, ఇవాళే గమనించాడట.

ఈ తా.క. మా ఆవిడ చేతిరాత. నా చేతులు ఖాళీ లేవు. ఆయన రెప్పను వేళ్లతో మూసి పట్టుకుని కూర్చున్నాను.